పదము తెలిసి పాడుట: పురుషోత్తమ చౌదరిగారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 31:19–22, నెహెమ్యా 8:1–12, 1 కొరింథీయులకు 14:6–19.



మీ యింటనున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును ఒకసారి తీసి చూడుడి. కీర్తనలతోపాటు రాగము పేరు, తాళము పేరు, వ్రాసినవారి పేరు అచ్చువేయబడి యుండును. ఆ పేర్లలో మరల మరల మన కంటబడునది పురుషోత్తమ చౌదరిగారి పేరు. నూటికి పైగా క్రైస్తవ కీర్తనలు వ్రాసి, తెలుగు క్రైస్తవ పదకవితా పితామహుడని పిలువబడినవారు ఆయనే. బాప్తిస్టు సంఘమైనను, లూథరను సంఘమైనను, దక్షిణ ఇండియా సంఘమైనను, తెలుగులో దేవుని స్తుతించు ప్రతి సంఘమును ఆయనకు ఋణపడియున్నది.

ఆయన కన్నుమూసి 130 సంవత్సరములు దాటినది. ఆయన పాటలు మనము ఇంకను పాడుచున్నాము. అయితే ఆయన కూర్చిన మాటలు మన నోటినుండి మాటలుగా బయటికి వచ్చుచున్నవా, లేక ఒట్టి ధ్వనిగా వచ్చుచున్నవా? ఈ నెల ఆయన జీవితమును జ్ఞాపకము చేసికొని, ఆ వెలుగులో ఈ ప్రశ్నను ఆలోచింతము.

పుట్టుక, పెంపకము

చౌదరిగారు 1803వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన పర్లాకిమిడి దగ్గరనున్న మదనపురము అను గ్రామమున పుట్టిరి. తండ్రి కూర్మనాథ చౌదరిగారు, తల్లి సుభద్రగారు. వారిది వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబము. పర్లాకిమిడి ఆ దినములలో మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో ఉండెను. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రముగా ఏర్పడినప్పుడు ఆ పట్టణము అటు చేరినది. అది రెండు భాషలు కలియు చోటు. అక్కడి బజారులో ఒరియా వినబడును, తెలుగు వినబడును.

ఇది మనము గమనింపవలసిన సంగతి. తెలుగు క్రైస్తవులకందరికిని పాట నేర్పిన ఈ పెద్దమనిషి పూర్వికుల భాష తెలుగు కాదు. పుట్టుకతోనే వచ్చిన భాషను మనము అడవిలో దొరకు కట్టెపుల్లవలె లెక్క లేక వాడుకొందుము. కష్టపడి నేర్చుకొన్నవాడు ప్రతి మాటను కాసువలె ఎంచి చూచుకొనును. తెలుగు మాటకు పొరుగున మరియొక భాష మాటను విని పెరిగినవానికి, ఏ మాట ఎట్లు పలుకునో, ఎక్కడ విరుగునో చెవికి త్వరగా పట్టుబడును.

సత్యమును వెదకుట

పండితుల కుటుంబములో పెరిగినను ఆయన మనస్సు నెమ్మది పొందలేదు. పాపమునకు విడుదల ఎట్లు కలుగును అను ప్రశ్న ఆయనను వెంటాడెను. ఆ సమయములో క్రైస్తవ కరపత్రము ఆయన చేతికి వచ్చెను. ఆయన దానిని చదివెను, ఆలోచించెను, మిషనరీలను వెదకికొని వెళ్లి ప్రశ్నించెను. చివరకు 1833లో కటకములో బాప్తిస్మము పొందెను. ఇంగ్లండునుండి వచ్చిన బాప్తిస్టు మిషనువారు అక్కడ 1822నుండి పనిచేయుచుండిరి.

ఆ కాలములో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట చిన్న సంగతి కాదు. కులము పోవును. బంధువులు తలుపు మూయుదురు. ఊరిలో నీళ్లు పుట్టవు. ఆయన వెల లెక్కచూచుకొనియే అడుగు వేసెను. ఆ తరువాత సువార్తికుడుగాను, అభిషేకము పొందిన పాదిరిగాను ఉత్తర సర్కారు జిల్లాలలోని తెలుగువారిమధ్య దీర్ఘకాలము పనిచేసెను.

ఆయనను క్రీస్తుయొద్దకు నడిపించినది చదువుటకు వీలైన, అర్థమగు మాటలతో నిండిన చిన్న కాగితము. కత్తి గాని, ధనము గాని కాదు. మాటకు ఎంత బలమున్నదో ఆయన తన ప్రాణముతోనే తెలిసికొనెను. ఆ తరువాత తన జీవితమంతయు మాటనే పనిముట్టుగా పట్టుకొనెను. కీర్తనలేగాక శతకములు వ్రాసెను, కులాచార పరీక్ష మొదలైన వచన గ్రంథములును వ్రాసెను. తన్ను పెంచిన కులమునే ప్రశ్నించుట, దానిని అందరికి తెలియు అక్షరములలో పెట్టుట, ఇవి రెండును ధైర్యముగల పనులు.

ఆ దినములలో సంఘము

ఆయన పని మొదలుపెట్టునాటికి తెలుగు సంఘము చేతిలో ఏమున్నది? లండను మిషనువారు 1805లో విశాఖపట్నము వచ్చిరి. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయ్యెను. పాత, క్రొత్త నిబంధనలు కలిసిన పూర్తి బైబిలు 1854 వరకు రాలేదు. పుస్తకము వచ్చినను చదువగలవారు ఎందరు? పల్లెలలో అక్షరము తెలిసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. కొన్ని కులములవారిని బడి గడప తొక్కనిచ్చెడివారు కారు.

మన జిల్లాలనే తలంచుకొనుడి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. అది తీరిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు సమీపమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలు మిషనరీ క్లౌగు దొరగారి కాలమున జరిగిన ఈ సంగతి మన తాతముత్తాతల చరిత్ర. వారిలో అనేకులు చెప్పులు కుట్టువారు, కూలిచేయువారు. వారికి పుస్తకము ఇచ్చిన చదువలేరు. ప్రసంగము విన్నను వారమంతయు జ్ఞాపకముంచుకొనుట కష్టము.

అట్టివారికి పాటయే బైబిలు, పాటయే బడి. మోషే తన చివరి దినములలో ఒక పాట వ్రాసి ఇశ్రాయేలీయులకు నేర్పవలెనని దేవుడు ఆజ్ఞాపించుటకు కారణమిదియే. ధర్మశాస్త్ర గ్రంథము మందసము ప్రక్కన ఉండును. పాట జనుల నోట ఉండును. వారు ఎక్కడికి వెళ్లినను అది వారితో వెళ్లి, సమయము వచ్చినప్పుడు సాక్ష్యము చెప్పును. మిరప చేలలో కాయ కోయుచును, మగ్గపు గుంటలో కూర్చుండియు మన పెద్దలు పాడుకొన్న కీర్తనలు ఇట్టి సాక్ష్యములే.

పడుగు, పేక

తెలుగువారికి పాట క్రొత్త కాదు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు మొదలైనవారు కీర్తన అను పద్ధతిని ఇంటింటికి తెచ్చిరి. 1847లో త్యాగరాజు చనిపోవునాటికి చౌదరిగారికి నలువది దాటిన వయస్సు. ఆ కాలపు తెలుగు చెవికి ఏది ఇంపుగా నుండునో ఆయనకు బాగుగా తెలియును. కనుక సువార్తను తెలుగువాడు ఎరిగిన కీర్తన రూపములోనే పెట్టెను. పల్లవి, చరణములు, రాగము, తాళము, యతి, ప్రాస అన్నియు అందులో నిలిచినవి.

మన వేటపాలెము, చీరాల ప్రాంతము నేతపనికి పేరుపడినది గనుక ఒక ఉపమానము చెప్పుదును. రాగతాళములు పడుగువంటివి. మాటలు పేకవంటివి. పడుగు నిలిచి యుండును, పేక దానిలో అటునిటు పోవుచు గుడ్డను చేయును. పడుగు ఎంత బిగువుగా నున్నను పేక తెగిపోయిన గుడ్డ కాదు, దారములే. రాగము ఎంత తీయగా నున్నను మాట తెగిపోయిన అది కీర్తన కాదు, కూనిరాగమే.

యతిప్రాసలు పండితుల ఆట అని కొందరు అనుకొందురు. చదువురానివానికి అవి గొప్ప ఉపకారులు. పాదములన్నిటిలో రెండవ అక్షరము ఒక్కటే యుండుట ప్రాస. పాదములో మొదటి అక్షరమునకు మధ్యనున్న విరామస్థానమున మైత్రి కుదురుట యతి. ఒక పాదము జ్ఞాపకము రాగానే తరువాతి పాదము మొదలు దానంతటదియే నోటికి వచ్చును. పల్లవి ప్రతి చరణము తరువాత తిరిగివచ్చి ముఖ్యమైన సత్యమును మరల నాటును. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఈ లెక్క తాళముతో కుదిరినయెడల చేతి చప్పుడే మాటను నిలుపును. ఆయన కీర్తనలు తరతరములు నోటిమీద నిలిచినది ఈ కట్టుబడివలన కూడ.

చౌదరిగారి కీర్తనలన్నియు తేలికైనవని చెప్పలేము. పెద్ద సంస్కృత సమాసములు కూడ వాటిలో కలవు. వాటి అర్థము చెప్పుట కాపరుల పని, బడిపంతుళ్ల పని, సండేస్కూలు ఉపాధ్యాయుల పని. అర్థము చెప్పక వల్లెవేయించిన పాట, పొట్టు తీయక పెట్టిన గింజవంటిది. నోటిలో నుండును గాని బలమియ్యదు.

చివరి అక్షరములో ఏమున్నది?

ఇప్పుడు పాడునప్పుడు పలుకుటను గూర్చి చెప్పుదును. మన తెలుగుకు ఒక స్వభావము కలదు. ఎవరు, ఎవరికి, ఎవరివలన, ఎప్పుడు అను సంగతులు సాధారణముగా మాట చివర తెలియును. దేవుని, దేవునికి, దేవునిచేత, దేవునిలో అను నాలుగింటికి మొదలు ఒక్కటే. చివర మ్రింగివేసినయెడల ఎవరు చేసిరో, ఎవరికి చేసిరో తెలియదు.

క్రియలను చూడుడి. రక్షించెను అనినయెడల అది సాక్ష్యము. రక్షించును అనినయెడల అది నిరీక్షణ. రక్షించుము అనినయెడల అది ప్రార్థన. మూడింటికి భేదము మాట చివరనే. ప్రభువు తనవారిని విడువడు అనుట సువార్త. విడుచును అనుట దానికి సరిగా వ్యతిరేకము. విడు అనువరకు పలికి తక్కినది గొంతులోనే ఉంచుకొన్నయెడల, వినువాడు ఏది పట్టుకొనవలెను? మరణశయ్యయొద్ద కూర్చుండి పాడునప్పుడు, ఆ పడకమీదనున్న తల్లికి ఆ ఒక్క అక్షరము ఎంత అవసరమో ఆలోచించుడి.

అయితే పాడువారికి ఊపిరి అయిపోవునది కూడ సరిగా అక్కడనే, పాదము చివరనే. మొదటి మాట గట్టిగా ఎత్తుకొందుము. నడుమకు వచ్చుసరికి ఊపిరి తరుగును. చివరి అక్షరమునకు మిగులదు. ఈలోగా మద్దెలవాడు తరువాతి ఆవృత్తమునకు దరువు వేయును. అర్థము ఏ అక్షరమున ఉన్నదో ఆ అక్షరమే నేలపాలగును. మన పాటలలో జరుగు నష్టములన్నిటిలో ఇది పెద్దదని నా అభిప్రాయము.

రెండవది, మాటను తప్పుచోట విరుచుట. మనసారా దేవుని స్తుతింతమని చెప్పవలసినచోట మన అని ఊపిరి తీసికొని, సారా అని మొదలుపెట్టినయెడల, గోడ అవతల వినువాడు మనము దేనిని స్తుతించుచున్నామనుకొనును? నవ్వు వచ్చు మాటయే గాని, మద్యము మానుడని బోధించు సంఘమునకు ఇది నవ్వులాట కాదు.

మూడవది, హ్రస్వమును దీర్ఘముగాను, దీర్ఘమును హ్రస్వముగాను లాగుట. మరణము అనగా చనిపోవుట. మారణము అనగా చంపుట. వరము వేరు, వారము వేరు. ఇంగ్లీషు రాగములకు తెలుగు మాటలు కూర్చిన గీతములలో ఈ ప్రమాదము ఎక్కువ. ఆ రాగము ఇంగ్లీషు మాటల బరువునుబట్టి పుట్టినది. మన పొట్టి అక్షరము దాని పొడుగు స్వరముక్రింద పడినయెడల సాగిపోవును. ఆ గీతములు మానవలెనని నేను చెప్పుటలేదు. వాటిలో అనేకములు మన ప్రాణమునకు ప్రియమైనవి. పాడుటకు ముందు మాటను మాటగా ఒకసారి చదివి, దాని కొలత చెవిలో పెట్టుకొని తరువాత పాడవలెనని మాత్రమే చెప్పుచున్నాను.

అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమునకు ఇదే బోధించెను. పిల్లనగ్రోవిగాని వీణగాని స్వరభేదము చూపనియెడల ఏ పాటయో తెలియదని, బూర స్పష్టముగా ధ్వనింపనియెడల ఎవడును యుద్ధమునకు సిద్ధపడడని చెప్పెను. ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును అను భావమును ఆయన వ్రాసెను. తెలియని భాషలో పదివేల మాటలకంటె ఇతరులకు బోధ కలుగునట్లు అయిదు మాటలు మేలని ఆయన లెక్క. ఆత్మావేశము ఉన్నది గదా, పలుకు ఎట్లున్న నేమి అనువారికి పౌలే జవాబు.

షిబ్బోలెతు చేయరాదు

ఇక్కడ జాగ్రత్తగా ఒక మాట చెప్పవలసియున్నది. న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యొర్దాను రేవులయొద్ద జరిగిన సంగతి మీకు తెలియును. షిబ్బోలెతు అను మాట పలుకుమని అడిగి, షకారము పలుకలేక సిబ్బోలెతు అన్నవారిని ఎఫ్రాయిమీయులని పట్టుకొని చంపిరి. ఆ కాలమున 42,000 మంది ఎఫ్రాయిమీయులు కూలిరి. నాలుకను చూచి తల తీసిన కథ అది.

మన దేశములోను ఉచ్చారణ చాలకాలము ఒక కంచెగా నుండెను. వత్తులు పలుకలేనివాడని, శకార షకారములు తెలియనివాడని పల్లెవారిని ఎగతాళి చేయుట మనమెరిగినదే. ఎవరిని బడికి రానీయలేదో వారినే పలుకు రాలేదని నవ్వుట న్యాయమా? చౌదరిగారు ఈ కంచెకు లోపలి వైపున పుట్టినవారు. శాస్త్రములు ఎవరికి చెందునో, ఎవరు వినకూడదో చెప్పు వ్యవస్థలో పెరిగినవారు. అట్టివారు దానిని విడిచి వచ్చి, తాను నేర్చిన రాగతాళములను, యతిప్రాసలను, సంస్కృత పదములను అందరి నోట పెట్టిరి. ఏ పదములను పలుకుటకు తాతలకు హక్కు లేకుండెనో ఆ పదములతోనే మనుమలు దేవుని స్తుతించిరి. ఇది చిన్న కార్యము కాదు. చదువు దానముచేయుట అనగా ఇదియే.

కనుక తప్పులలో భేదము తెలిసికొనవలెను. వృద్ధురాలైన ఒక తల్లి భక్తి అనుటకు బదులు బక్తి అనినయెడల అర్థము పోలేదు. ఆమె ఏమన్నదో మనకు తెలిసినది, దేవునికి ముందే తెలియును. ఆమెను సభలో సరిదిద్ది సిగ్గుపరచువాడు షిబ్బోలెతు అడిగినవాడే. పేతురు మాట గలిలయవాని మాట అని యెరూషలేములో వాకిటనున్నవారు పట్టుకొనిరి. అయినను పెంతెకొస్తు దినమున ప్రభువు నిలువబెట్టినది ఆ గలిలయ నాలుకనే. యాస పాపము కాదు. అర్థము పోగొట్టుట నష్టము. మొదటిదానిని సహింపవలెను, రెండవదానిని ప్రేమతో దిద్దవలెను. చిన్నపిల్లలకు మాత్రము మొదటినుండి వత్తులు, దీర్ఘములు చక్కగా నేర్పవలెను. వారి తాతలకు దక్కనిది వారికి దక్కవలెను గదా.

వ్రాతలో పదము

పాటకు చెప్పినదే వ్రాతకును చెల్లును. చౌదరిగారి పర్లాకిమిడిలోనే 1880లో ఒక యువకుడు బడిపంతులుగా పనిలో ప్రవేశించెను. ఆయన 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు. చౌదరిగారు అప్పటికి ముసలివారు. రామమూర్తిగారు కొండలలోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని ఆ భాష నేర్చి, దానికి పుస్తకములు, వ్యాకరణము, నిఘంటువు చేసెను. తెలుగువారు తాము మాటలాడు తెలుగులోనే వ్రాయవలెనని 1940లో చనిపోవువరకు పోరాడెను. ఒకరు క్రీస్తు సువార్తకొరకు, మరియొకరు చదువుకొరకు శ్రమపడిరి. వారి దారులు వేరు. అయినను చదువురానివానికి మాట అందవలెనను తలంపు ఇద్దరి పనిలోను కనబడుచున్నది.

మనలో వ్రాయువారు కొద్దిమంది అనుకొనవద్దు. సంఘ కమిటీ తీర్మానములు వ్రాయుదుము. ఉత్తరములు, పెండ్లి శుభలేఖలు, సాక్ష్యములు వ్రాయుదుము. కళ్లములో మిరపకాయలు ఎండబోసినప్పుడు తాలుకాయలను ఏరి వేరుగా పోయుదుము. ఒక్క గుప్పెడు తాలు మిగిలినను బస్తా ధర తగ్గును. వ్రాసిన కాగితమును అట్లే ఒకసారి ఏరవలెను. అవసరము లేని పెద్ద మాట, అర్థము తెలియకయే గొప్పకొరకు వేసిన మాట, చెప్పినదే మరల చెప్పిన మాట, ఇవి తాలుకాయలు. ప్రవక్తయైన హబక్కూకుకు దేవుడిచ్చిన ఆజ్ఞ కూడ చదువువాడు సులువుగా చదువునట్లు పలకమీద స్పష్టముగా వ్రాయుమనియే.

మన ఊరిలో 1918లో సారస్వత నికేతనము అను గ్రంథాలయము వెలసినది. దాని భవనమునకు 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిరి. పాత పత్రికలు, పుస్తకములు చూచుటకు దూరదేశములనుండి పరిశోధకులు అక్కడికి వచ్చుచుందురు. అచ్చుపడిన మాట మనిషికంటె ఎక్కువకాలము బ్రదుకునని ఆ బీరువాలే చెప్పును. గనుక వ్రాయుటకు ముందు ఆలోచింపవలెను.

ఆయన ముగింపు

చౌదరిగారు 1890వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. మరి కొద్ది దినములలో 87 సంవత్సరములు నిండవలసియుండెను. బాప్తిస్మము పొందిన దినము మొదలుకొని 50 సంవత్సరములకు మించి ఆయన క్రీస్తును ప్రకటించెను. ఆయన గొంతు మనలో ఎవరును వినలేదు. ఆ కాలమున పాటను పట్టి ఉంచు యంత్రములు మన పల్లెలకు రాలేదు. అయినను ఆయన మాట మిగిలినది. నోటినుండి నోటికి, తల్లినుండి బిడ్డకు, పుస్తకమునుండి పుస్తకమునకు నడచివచ్చినది. మధ్యలో ఎక్కడనో ఒక తరమువారు అక్షరములు మ్రింగివేసి యుండినయెడల మనకు రాగము మాత్రమే మిగిలియుండును. ఆ తరము మనము కాకూడదు.

మన సంఘములలో చేయదగినవి

మొదటిది. ఆదివారము పాడబోవు కీర్తనను శనివారము రాత్రి ఇంటిలో పాడక, చదువుడి. కుటుంబ ప్రార్థనలో ఒకరు చదువగా తక్కినవారు వినవలెను. తెలియని మాటకు గుర్తుపెట్టి కాపరిని అడుగుడి.

రెండవది. ఎక్కడ ఊపిరి తీసికొనవలెనో పుస్తకములో పెన్సిలుతో చిన్న గీత పెట్టుకొనుడి. గీత మాటకు మాటకు మధ్య ఉండవలెను గాని మాట కడుపులో ఉండరాదు. పాదము చివరి అక్షరమునకు ఊపిరి మిగుల్చుకొనుడి.

మూడవది. పాట ఎత్తువారు తమ గొంతుకు తగినట్లు కాక సంఘమునకు తగినట్లు శ్రుతి పట్టవలెను. అరచినచోట మాట వినబడదు.

నాల్గవది. మద్దెల, తాళములు, కీబోర్డు, మైకు అన్నియు దేవుని స్తుతించుటకు తగినవే. 150వ కీర్తనలో వాద్యముల పట్టిక ఉన్నది గదా. అయితే అవి మాటకు సేవకులు. మందిరము చివర బెంచీమీద కూర్చున్న ముసలివానికి మాట తెలియుచున్నదా అని పాటలు నడిపించువారు అడిగి తెలిసికొనుడి.

ఐదవది. ఈ దినములలో ఫోనులలో క్రొత్త పాటలు అనేకములు వచ్చుచున్నవి. మంచివి కలవు. పరీక్ష ఒక్కటే. రాగము తీసివేసి ఆ మాటలను ఒట్టిగా చదువుడి. అప్పుడును అవి దేవునిగూర్చి సత్యమైనది ఏదైన చెప్పుచున్నవా? చెప్పినయెడల నేర్చుకొనుడి.

నెహెమ్యా దినములలో లేవీయులు గ్రంథమును స్పష్టముగా చదివి, అర్థము చెప్పి, జనులు గ్రహించునట్లు చేసిరి. జనులు మొదట ఏడ్చిరి. తరువాత తమకు తెలియజేయబడిన మాటలను గ్రహించినందున బహుగా సంతోషించిరి. ఆ సంతోషమునకు కారణము వాద్యములు కాదు, అర్థమే. అట్టి సంతోషము మన పల్లె సంఘములకు కలుగును గాక.

ప్రార్థన

మాకు నోరును నాలుకను ఇచ్చిన దేవా, నీ దాసుడు పురుషోత్తమ చౌదరిగారినిబట్టి నీకు స్తోత్రములు. మా ముందున్నవారు కష్టపడి కూర్చిన మాటలను మేము నిర్లక్ష్యముగా పారవేయకుండ మాకు జాగ్రత్తను దయచేయుము. పలుకలేనివారిని నవ్వకుండ మాకు ప్రేమను దయచేయుము. మా పిల్లల నోట నీ సత్యము స్పష్టముగా నిలుపుము. మేము పాడునది గ్రహించి, గ్రహించినదానిని జీవించునట్లు సహాయము చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.